ఆంగ్ల పల్లవక్రియలు, తుమర్థకము: ప్రయోజన పరిణామ వివేచనము

ఆంగ్లమునుండి తెనుగునకు అనువదించువారికిని, ఆంగ్ల వ్యాకరణమును తెనుగు మూలమున బోధించువారికిని 'టు' అను చిన్నమాట పెట్టు చిక్కు సామాన్యమైనది కాదు. క్రియకు ముందు 'టు' కనబడినచో తెనుగున '-టకు' అని వ్రాయవలెనను సూత్రమును మనలో పెక్కుమంది పాఠశాలలోనే నేర్చితిమి. 'స్టుడ్ అప్ టు స్పీక్' అనగా 'మాటలాడుటకు లేచెను'. ఇంతవరకు సూత్రము చక్కగా నడచినది. కాని 'గ్రూ అప్ టు బి ఎ డాక్టర్' అనుచోట అదే సూత్రమును పట్టుకొన్నచో 'వైద్యుడగుటకు పెరిగెను' అని వచ్చును. ఇట్లు ఏ తెనుగువాడును మాటలాడడు. ఈ వాక్యము వినుటకు వింతగా నుండుటయే దోషము కాదు, మూలమున లేని ఉద్దేశ్యమును కర్తకు అంటగట్టుటయు దోషమే. మూలము చెప్పినది 'పెరిగి వైద్యుడయ్యెను' అని మాత్రమే.

ఈ రెండు వాక్యముల అంతరమును వివరించి, అది ఎక్కడనుండి పుట్టుచున్నదో నిరూపించుట ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. ప్రయోజనమును పరిణామమును వేఱుచేయునది 'టు' కాదనియు, ముందున్న పల్లవక్రియ యందును వెనుకనున్న తుమర్థకక్రియ యందును కర్తయొక్క ఇచ్ఛ ఉన్నదా లేదా అనునదే వేఱుచేయుననియు మా అభిప్రాయము. ఆంగ్లము ఈ భేదమును రూపమున చూపకుండనే గడుపుకొనగలదు. తెనుగు అట్లు గడుపుకొనజాలదు.

మొదట పరిభాష. ఆంగ్లమున క్రియకు 'అప్', 'ఔట్', 'ఆన్', 'ఆఫ్' వంటి నిపాతములు చేరి, రెండును కలిసి ఒక క్రొత్త యర్థము నిచ్చునపుడు దానిని 'ఫ్రేజల్ వెర్బ్' అందురు. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925 నాటి 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున ఈ పేరును వాడి, దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ అని చెప్పెను. పేరు తరువాతిదైనను వస్తువు ప్రాతదే. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే ఈ కూర్పులు పరదేశీయులకు మిక్కిలి కష్టమును కలిగించునని గుర్తించెను. మన శబ్దపల్లవములు ఈ జాతికి దగ్గఱి చుట్టములు. చేపట్టు, తలపెట్టు, మేలుకొను, వెలువడు అను వానియందు రెండు మాటలు కలిసి విడివిడిగా లేని యర్థము నిచ్చుచున్నవి. తెనుగున పల్లవము క్రియకు ముందుండును, ఆంగ్లమున నిపాతము క్రియకు వెనుక నుండును. ఈ చుట్టరికమును బట్టి ఆంగ్లపు కూర్పులను ఈ వ్యాసమున పల్లవక్రియలని వ్యవహరించుచున్నాము.

ఇక తుమర్థకము. ప్రాచీనాంగ్లమున తుమర్థకమునకు రెండు రూపములుండెను. ఒకటి 'అన్' అంతమందు గలది. రెండవది 'టో' అను విభక్త్యర్థకమునకు పిమ్మట చతుర్థీ విభక్తి వంటి ప్రత్యయముతో 'ఎన్నె' అంతమందు గలది. ఆ 'టో' అనగా 'వైపునకు' అని యర్థము. ఒక పని వైపునకు పోవుట అనగా ఆ పని కొఱకు పోవుట. కావున ప్రయోజనము ఈ రూపమునకు సహజార్థము. తెనుగున 'చేయుట' అను భావార్థకమునకు 'కు' చేర్చి 'చేయుటకు' అనుటయు ఇట్టిదే. 'టు' కనబడగానే '-టకు' అని వ్రాయుటకు మన చేయి పోవుట కేవలము పాఠశాల యలవాటు కాదు. రెండు భాషలును స్వతంత్రముగా ఒకే త్రోవ త్రొక్కి ఈ రూపమును చేరుకొన్నవి. చిక్కెక్కడనగా, మధ్యకాలమున ఆంగ్ల ప్రత్యయములు అరిగిపోయి రెండు రూపములును ఒక్కటైనవి. 'టు' తన దిగర్థమును చాలవఱకు కోల్పోయి కేవలము తుమర్థకమునకు గుర్తుగా నిలిచినది. ప్రయోజనమును స్పష్టపఱుపగోరి మధ్యకాలపువారు 'ఫర్ టు' అని రెండు మాటలు వాడిరి. నేటివారు 'ఇన్ ఆర్డర్ టు', 'సో యాజ్ టు' అనుచున్నారు. ఒంటి 'టు' ప్రయోజనమును నిశ్చయముగా చెప్పలేదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

సంస్కృత వ్యాకరణము ఇచట మనకు మంచి కొలబద్ద నిచ్చుచున్నది. పాణిని 3-3-10 సూత్రమున, ఒక క్రియ మఱియొక క్రియ కొఱకై జరుగుచున్నపుడు తుమున్ ప్రత్యయమును విధించెను. 'భోక్తుం వ్రజతి', తినుటకు పోవుచున్నాడు. 3-4-65 సూత్రమున శక్తి, జ్ఞానము, ఆరంభము మొదలగు అర్థములు గల ధాతువులతో అదే తుమున్నును వేఱుగా విధించెను. 'భోక్తుమారభతే', తిన మొదలిడుచున్నాడు. మొదలిడుట తినుట కొఱకు కాదు, తినుటయే మొదలగుచున్నది. రూప మొక్కటే, సంబంధము వేఱు. ఇక ఒకే కర్త చేయు రెండు పనులలో మొదటిదానికి 3-4-21 సూత్రము క్త్వా ప్రత్యయమును విధించినది. ఈ మూడు సూత్రముల మధ్యనున్న హద్దులే ఆంగ్ల 'టు'లో చెఱిగిపోయినవని మేము తలంచుచున్నాము.

ఆంగ్లమున ప్రయోజనార్థమును గుర్తించుట తేలిక. 'టుక్ ఆఫ్ హిజ్ కోట్ టు స్విమ్', ఈదుటకు కోటు విప్పెను. 'గాట్ అప్ టు క్లోజ్ ద విండో', కిటికీ మూయుటకు లేచెను. ఈ వాక్యములకు మూడు పరీక్షలు పెట్టవచ్చును. 'టు'కు బదులు 'ఇన్ ఆర్డర్ టు' ఉంచినను వాక్యము చెడదు. తుమర్థక భాగమును వాక్యాదికి తెచ్చినను చెడదు. మూడవది ముఖ్యమైనది: పిమ్మట 'కాని ఆ పని జరుగలేదు' అని చేర్చినను వైరుధ్యము రాదు. మాటలాడుటకు లేచినవాడు గొంతు పెగలక కూర్చుండవచ్చును, కిటికీ మూయ లేచినవాడు గడియ చిక్కక మానవచ్చును. ప్రయోజనవాక్యము ఉద్దేశ్యమును చెప్పును, ఫలసిద్ధిని చెప్పదు.

పరిణామవాక్యము ఇందుకు నేరుగా విరుద్ధము. 'వోక్ అప్ టు ఫైండ్ ద హౌస్ ఆన్ ఫైర్' అనుచోట మేలుకొన్నవాడు ఇల్లు కాలుట చూడవలెనని మేలుకొనలేదు. మేలుకొని చూడగా ఇల్లు కాలుచుండెను. 'ఇన్ ఆర్డర్ టు' ఇచట నిలువదు. తుమర్థకము వాక్యాదికి రాదు. 'కాని చూడలేదు' అన్నచో వాక్యము తన్ను తానే ఖండించుకొనును. పరిణామవాక్యము ఫలసిద్ధిని చెప్పును, ఉద్దేశ్యమును చెప్పదు. రెండింటికిని ఇంత దూరమున్నను ఆంగ్లము రెండింటికి ఒకే తొడుగు తొడిగినది.

మఱి వినువాడు ఎట్లు తెలిసికొనుచున్నాడు? కొందఱు నిపాతమే దీనిని నిర్ణయించునని తలంచుట కలదు. 'అప్', 'ఔట్' అనునవి పని ముగియుటను సూచించును గనుక పరిణామమును ఆకర్షించునని వారి భావము. ఇందు కొంత సత్యమున్నది. 'గ్రో అప్', 'వేక్ అప్' అనువానియందు నిపాతము ఒక దశ పూర్తియైనదని చెప్పుచున్నది, పూర్తియైన దశకు పిమ్మట ఏమి జరిగినదన్న ప్రశ్న సహజముగా పుట్టుచున్నది. కాని 'స్టాండ్ అప్', 'గెట్ అప్' అనువానియందును 'అప్' ఉన్నది. అవి ఎక్కువగా ప్రయోజనమునే కోరుచున్నవి. భేదము నిపాతమున లేదు. లేచి నిలుచుట మన వశము, పెరుగుట మన వశము కాదు.

అంతమాత్రమున పల్లవక్రియ యందలి ఇచ్ఛ ఒక్కటియే చాలదు. ఈ జంటను చూడుడు. 'వెంట్ ఔట్ టు ఫైండ్ ద బాయ్', బాలుని వెదకుటకు బయటికి పోయెను. 'వెంట్ ఔట్ టు ఫైండ్ ద బాయ్ స్టాండింగ్ ఎట్ ద డోర్', బయటికి పోగా బాలుడు వాకిట నిలిచియుండెను. పల్లవక్రియ మాఱలేదు, 'టు' మాఱలేదు, 'ఫైండ్' అను మాటయు మాఱలేదు. మాఱినది 'ఫైండ్' యొక్క అర్థము. మొదటిచోట అది వెదకి పట్టుట, ఇచ్ఛతో చేయు పని. రెండవచోట అది కంటబడుట, దానంతటది జరుగునది. కావున ప్రయోజనార్థము సిద్ధించుటకు రెండు క్రియలందును ఇచ్ఛ ఉండవలెను. ఏ యొక్కదానియందు లేకున్నను వాక్యము పరిణామము వైపునకు ఒరగును. 'ఓన్లీ టు', 'నెవర్ టు' అను కూర్పులు ఈ ఒరుగును నిశ్చయము చేయును.

దీనికొక అపవాదము కలదు. ఆవిరి పోవుటకు కవాటము తెఱచుకొనునని ఆంగ్లమున 'ఓపెన్స్ అప్ టు లెట్ ఔట్ స్టీమ్' అందురు. కవాటమునకు ఇచ్ఛ లేదు. ఐనను వాక్యము ప్రయోజనమునే చెప్పుచున్నది, తెనుగున '-టకు' అనియే చెప్పుచున్నాము. ఇచట ఇచ్ఛ యంత్రమును చేసినవానిది. అది వాక్యమున పేర్కొనబడకున్నను అర్థమున నిలిచియున్నది. కనుక ఈ యుదాహరణము మా నియమమును త్రోసిపుచ్చదు. ఇచ్ఛ వ్యాకరణకర్త యందే ఉండనక్కఱలేదని మాత్రము నేర్పుచున్నది.

మూడవ తెగ వాక్యములందు తుమర్థకము ప్రయోజనమును కాదు, పరిణామమును కాదు. అది పల్లవక్రియకు పూరకము, పాణిని ఆరంభార్థక ధాతువులకు చెప్పిన తుమున్ వంటిది. 'ద న్యూస్ టర్న్డ్ ఔట్ టు బి ఫాల్స్', ఆ వార్త అబద్ధమని తేలెను. నీట మునిగినది పైకి తేలుటను బట్టి తెనుగు ఈ యర్థమును సాధించుకొన్నది, లోపలిది బయటికి తిరుగుటను బట్టి ఆంగ్లము సాధించుకొన్నది. 'సెట్ ఔట్ టు ప్రూవ్' అనుచోట తుమర్థకము ప్రయోజనమునుండి పూరకమునకు నడచిన దారి కంటికి కనబడుచున్నది. 'సెట్ ఔట్' అనగా మొదట ప్రయాణమై వెడలుట. ఒక నదికి పుట్టుక యెక్కడనో కనుగొన వెడలినవానిని గూర్చి ఈ మాట చెప్పినపుడు ప్రయాణమును ఉన్నది, ప్రయోజనమును ఉన్నది. గదిలో కూర్చుండి ఒక సిద్ధాంతమును నిరూపించువానిని గూర్చి చెప్పినపుడు ప్రయాణము పోయినది, పూనిక మిగిలినది. తెనుగువాడు 'లోకమును ఉద్ధరింప బయలుదేరినాడు' అనునపుడును ఇదియే జరుగుచున్నది. 'చేయ తలపెట్టెను' అనుచోట మన శబ్దపల్లవమును తుమర్థకమును ఇట్లే కూడుచున్నవి. 'పిలువబోయెను' అను మాటకు పిలుచుటకు వెళ్లెనను అర్థము వెనుకబడి, పిలుచుటకు సిద్ధమయ్యెనను అర్థము ముందునకు వచ్చుటయు ఈ దారిలోనిదే.

ఈ మూడింటిలో దేనికిని చెందనిది నాలుగవది. 'లుక్ ఫార్వర్డ్ టు', 'ఓన్ అప్ టు', 'ఫేస్ అప్ టు' అనువానియందలి 'టు' తుమర్థకమునకు గుర్తు కాదు, నామమును కోరు విభక్త్యర్థకము. కావున దాని పిమ్మట 'మీటింగ్' అను నామప్రాయమైన రూపము రావలెను. మన విద్యార్థుల లేఖలందు 'లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని తఱచుగా కనబడుచున్నది. విద్యార్థి ఆ పదబంధమును 'కలసికొనుటకు ఎదురుచూచు' అని మనసున తెనుగు చేసికొనుచున్నాడు. తెనుగున రెండు 'టు'లకును '-టకు' ఒక్కటియే సరిపోవుటచేత ఆంగ్లమునందలి భేదము వానికి తట్టుట లేదు. 'టు' పిమ్మట ఒక నామము నుంచి చూడుమని చెప్పినచో ఈ తప్పు తొలగును. 'లుక్ ఫార్వర్డ్ టు ద మీటింగ్' అని నామము నిలిచినది గనుక అచట తుమర్థకము నిలువదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. పరిణామవాక్యమును తెనుగు ఎట్లు చెప్పవలెను? రెండు పనులలో ముందటిదానిని ఆంగ్లము సమాపక క్రియగా నిలిపి, పిమ్మటిదానిని తుమర్థకముగా తోక కట్టును. తెనుగు ముందటిదానిని క్త్వార్థకముగ చేసి, పిమ్మటిదానిని సమాపక క్రియగా నిలుపును. 'పెరిగి వైద్యుడయ్యెను' అనుచోట ఆంగ్లమున అప్రధానమైన తుమర్థకము తెనుగున ప్రధానక్రియ యైనది, ఆంగ్లమున ప్రధానమైన పల్లవక్రియ తెనుగున అసమాపకమైనది. కర్త మాఱినచో '-గా' అను రూపము ఆదుకొనును. వాక్యము తలక్రిందులైనట్లు తోచును గాని కాలక్రమము చెడదు, ఫలసిద్ధి చెడదు. ప్రయోజనవాక్యమున ఇట్టి తిరుగుడు అక్కఱలేదు. ప్రధానక్రియ రెండు భాషలయందును ఒక్కటియే. తర్జుమాలో వాక్యమును తిప్పవలెనా వలదా అనుటయే పరిణామమా ప్రయోజనమా అను ప్రశ్నకు మఱియొక రూపము.

ఇది కేవలము శైలికి సంబంధించిన మాట కాదని చూపుటకు రెండు చారిత్రక విషయముల నెత్తుకొందుము. దక్షిణ ధ్రువమునకు బోయిన రాబర్ట్ స్కాట్ బృందము 1912 జనవరి 17న అచటికి చేరి, అమండ్‌సెన్ 1911 డిసెంబరు 14ననే చేరియుండెనని ఎఱిగినది. తిరుగు ప్రయాణమున ఆ అయిదుగురును మరణించిరి. ఆంగ్లమున ఈ కథను 'ప్రెస్డ్ ఆన్ ఓన్లీ టు ఫైండ్', 'సెట్ ఔట్ నెవర్ టు రిటర్న్' అను కూర్పులతో చెప్పుట మిక్కిలి సహజము. దీనిని 'కనుగొనుటకు మాత్రమే ముందునకు సాగిరి', 'ఎన్నడును తిరిగి రాకుండుటకు బయలుదేరిరి' అని తెనిగించినచో ఓటమిని చూచుటకే వారు శ్రమపడినట్లును, చావును కోరియే వెడలినట్లును అగును. 'సాగిపోయిరి, తీరా చేరి చూడగా మఱియొకడు ముందే వచ్చియుండెను' అనియు, 'బయలుదేరి పోయిరి, మరల రాలేదు' అనియు అనుట తెనుగు. 'ఓన్లీ' అను మాటలోని నిరాశను మోయగలది 'తీరా' అను మాటయే, 'మాత్రమే' కాదు.

రెండవది మనకు దగ్గఱిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వఱకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 1952లో భారత ఉపరాష్ట్రపతియు 1962లో రాష్ట్రపతియు ఐరి. ఇట్టి జీవితమును ఆంగ్ల చరిత్రకారుడు 'వెంట్ ఆన్ టు బికమ్ ప్రెసిడెంట్' అని ముగించును. 'రాష్ట్రపతి అగుటకు ముందునకు సాగిరి' అన్నచో 1931లోనే ఆ పదవిపై కన్నువేసినట్లు చదువరి తలంచును. 'అటుపిమ్మట రాష్ట్రపతియైరి' అనినపుడు మూలము చెప్పినంతయు చెప్పబడినది, చెప్పనిది చేరలేదు. ఒక మనుష్యుని జీవితమునకు లేని యాశను అంటగట్టుట చరిత్రరచనలో చిన్న తప్పు కాదు.

రెండు రూపములును ఒప్పు చోట్లు కలవు. టంగుటూరి ప్రకాశము పంతులు న్యాయవాద వృత్తిని వదలి జాతీయోద్యమమున చేరిరి. ఆంగ్లమున 'గేవ్ అప్ హిజ్ ప్రాక్టీస్ టు జాయిన్' అని యుండును. 'చేరుటకై వదలిరి' అన్నచో త్యాగమునకు హేతువు చెప్పబడినది. 'వదలి చేరిరి' అన్నచో జరిగిన కథ చెప్పబడినది. చరిత్ర రెండింటిని సమర్థించుచున్నది గనుక అనువాదకుడు సందర్భమును బట్టి ఎన్నుకొనవచ్చును. 'వెంట్ బ్యాక్ హోమ్ టు డై' వంటిచోట ఆ స్వేచ్ఛ లేదు. చచ్చుటకై యిల్లు చేరెనా, ఇల్లు చేరి చనిపోయెనా అనునది గ్రంథము ముందువెనుకలు చూచి తేల్చవలసినది.

తెనుగు ఎల్లప్పుడును ఆంగ్లముకంటె స్పష్టమని మా వాదము కాదు. 'అందఱు వినునట్లు కేకవేసెను' అనుచోట వినవలెనని వేసెనా, వేయగా విన్నారా అనునది తెనుగున తేలదు. ప్రతి భాషయు కొన్ని భేదములను పలుకును, కొన్నింటిని మ్రింగును. ఏ భాష ఏది మ్రింగుచున్నదో ఎఱుగుటయే తులనాత్మక వ్యాకరణమునకు ఫలము.

ఆంగ్ల వ్యాకర్తలు ఈ విషయమును విడిచిపెట్టలేదు. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అనువారు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణము ప్రయోజన పరిణామములను వేఱుచేసినది. కాని ఆ గ్రంథమున క్రియావిశేషణ వాక్యములు 15వ అధ్యాయమునను, పల్లవక్రియలు 16వ అధ్యాయమునను ఉన్నవి. స్వభాషయగు వారికి ఈ విభజనవలన నష్టము లేదు. మనవంటివారికి ఈ రెండును కలిసిన చోటనే చిక్కు పుట్టుచున్నది. ఆ చోటును గూర్చి వ్రాయవలసినవారు ఆ చిక్కు ననుభవించుచున్న మనమే.

కావున ఆంగ్లమును బోధించువారు 'టు అనగా -టకు' అను సూత్రమును మాని, మూడు ప్రశ్నలను నేర్పుట మేలు. 'ఎందులకు?' అని యడిగినచో తుమర్థకము జవాబగునా? ఐనచో ప్రయోజనము. తుమర్థకము చెప్పిన పని జరిగినట్లేనా? ఐనచో ప్రయోజనము కాక పరిణామమో, 'టర్న్ ఔట్' వంటి క్రియకు పూరకమో అగును. తుమర్థకమును తీసివేసినచో పల్లవక్రియ తన యర్థముతో నిలుచునా? నిలువనిచో పూరకము. పరిశోధక విద్యార్థులు గడచిన నూఱేండ్ల తెనుగు అనువాదములను ఈ దృష్టితో పరిశీలించి, ఎచ్చట '-టకు' అక్కఱకు మించి ప్రవేశించినదో, ఎచ్చట అనువాదకుడు వాక్యమును తిప్పి అర్థమును కాపాడెనో పట్టిక వేసినచో మన గద్యమునకు మేలు చేసినవారగుదురు. '-టకు' అను ప్రత్యయము తెనుగున ఇప్పటికిని ఇచ్ఛను మోయుచున్నది. ఇచ్ఛ లేనిచోట దానిని వాడుచుపోయినచో అది 'టు' వలెనే అరిగిపోవును. అంతటితో తెనుగు ఇంతవఱకు నిలుపుకొన్న ఒక భేదమును మనమే పోగొట్టుకొన్నవారమగుదుము.